చెరువుగట్టు కాపురము

గతమాసమున ఒక సోదరి మాకు జాబు వ్రాయుచు, "మీరు నగరము విడిచి చెరువుగట్టున ఇల్లు కట్టుకొంటిరట! అక్కడ దోమలు లేవా? పిల్లలకు భయము లేదా? పట్టణమున సకల సౌకర్యములుండగా ఆ నీళ్ళ యొడ్డున మీకేమి సుఖము?" అని అడిగినది. ఆమెయు, ఆమె భర్తయు అట్టిచోటనే స్థలము కొనదలచి యున్నారట. ఒక్కరికి వ్రాయదగిన సమాధానమే యైనను, నేడు హైదరాబాదు చుట్టును చెరువుల దరిని కాపురముండు కుటుంబములు వేలకొలదిగా నున్నవి. కావున ఈ పుటలోనే ముచ్చటించుట మేలని తోచినది.

మొదటనే నిజము చెప్పుట మంచిది. 2016లో మేమిక్కడికి సంతోషముతో రాలేదు. మావారి పట్టుదలవలన వచ్చితిమి. మొదటి వానకాలముననే ఆవకాయ జాడీకి బూజు పట్టినది. ఉప్పు సీసాలో నీరైనది. అప్పడములు ఎన్నిమారు లెండబెట్టినను మెత్తబడెను. ఒకనాటి సాయంకాలము స్నానపుగదిలో నీరుకట్టె పాము కనబడగా, మేము వేసిన కేకకు వీధివారందఱును పరుగెత్తి వచ్చిరి. అది విషము లేని పామనియు, కప్పలకును చేపలకును వచ్చునేకాని మనుష్యుల జోలికి రాదనియు ఎదురింటి పెద్దాయన చెప్పి, కఱ్ఱతో మెల్లగా చెరువువైపునకు త్రోలివైచెను. ఆనాడు పరుగెత్తివచ్చిన ఆడువారిలో నలుగురైదుగురి పేరులు మాకు తెలిసినది అప్పుడే. పాము మాకు చేసిన మొదటి యుపకారమది.

మా కాలనీ నగరమధ్యమునకు ఇరువదియైదు కిలోమీటర్ల దూరమున నున్నది. ఇండ్లు నలువదిరెండు. వీధిమొగమున ఒక వేపచెట్టు, దాని క్రింద పోచమ్మగుడి, ఒక కిరాణాకొట్టు. వీధి చివర చెరువు. నిండినప్పుడు పదునెనిమిది ఎకరములు, వేసవిలో నాలుగెకరములైన నుండదు. కట్టమీద ఈ కొసనుండి ఆ కొసకు నడచి అరగంటలో మరలి రావచ్చును. మా వంటయింటి కిటికీ అటువైపునకే తెఱచుకొనును.

వేకువన పాలు పొయ్యిమీద పెట్టి ఆ కిటికీకడ నిలుచుట మాకలవాటైనది. పాలు పొంగిపోవుటయు కొన్నిమారులు కలదు. తెల్లవాఱకముందే బుడబుంగల కూత వినబడును. ఈ చిన్నపిట్ట మునిగినచోట తేలదు. గూటిని విడిచిపోవునప్పుడు గ్రుడ్లపై తడియాకులు కప్పి మఱి పోవును. పిల్లలు పుట్టినపిమ్మట వానిని వీపుమీద నెక్కించుకొని యీదును. నీటికాకులు మునిగి లేచి, మనము చీరలారవేసినట్లు ఱెక్కలు విప్పి మోడుకొమ్మలమీద ఆరబెట్టుకొనును. ఇక కలువయాకులమీద నడచు పక్షి యొకటి కలదు. దానిని ఇంగ్లీషువారు జకానా యందురు. దాని కాలివ్రేళ్ళు మిక్కిలి పొడవు. అందుచేత బరువు ఆకంతటను ప్రాకి ఆకు మునుగదు. దాని కాపురము చిత్రమైనది. ఆడుపక్షి నాలుగు గ్రుడ్లు పెట్టి పోవును. పొదుగుట, పిల్లలను సాకుట యంతయు మగపక్షి పనియే. ఆడుపక్షి వేఱొక మగపక్షికడ మరల గ్రుడ్లు పెట్టును. ఈ సంగతి మేము కట్టమీద చెప్పిననాడు ఆడువారందఱును నవ్వి నవ్వి కూర్చుండిపోయిరి. ఒక వదినగారు మాత్రము నవ్వక, "ఆ మగపక్షికి వంట కూడ వచ్చునా?" అని అడిగినది.

కార్తికము వచ్చినంతనే ఉత్తరదేశములనుండి సూదితోక బాతులు వచ్చును. హిమాలయములకు ఆవల, సైబీరియా మొదలగు చలిదేశములలో వేసవి గడపి, అక్కడ నీరు గడ్డకట్టు వేళకు మన చెరువులు వెదకికొని వచ్చు అతిథులివి. ఫాల్గునమునకు పోవును. మా చెరువున అవి పదుల సంఖ్యకు మించవు. పటాన్‌చెరువు దగ్గఱి అమీన్‌పూరు చెరువు చూచినవారికి ఇది యొక లెక్కలోనిది కాదు. ఆ చెరువును 2016లో ప్రభుత్వము జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించినది; నగరప్రాంతపు జలాశయమునకు అట్టి గౌరవము మనదేశమున అదియే మొదటిది. ఐనను మన యింటికి వచ్చిన చుట్టము మనకు ముద్దు గదా!

దోమల సంగతి. దోమలు కలవు. కాని డెంగ్యూ జ్వరము తెచ్చు దోమ చెరువున పుట్టదు. మన యిండ్లలోని నిలువనీటిలో, పూలకుండీల క్రింది పళ్ళెములలో, కూలరు తొట్టిలో, మేడమీద పాఱవేసిన పాతటైరులో పుట్టును. చేపలు తిరుగు తేటనీటిలో దోమపిల్లలు బ్రదుకుట కష్టము. మురుగు కలసి గుఱ్ఱపుడెక్క క్రమ్మినచో మాత్రము వేఱొక జాతి దోమలు లెక్కకు మించి పుట్టి సాయంకాలము వాకిట కూర్చుండనీయవు. ఈ గుఱ్ఱపుడెక్క మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికానుండి వచ్చినది. దాని ఊదారంగు పూవు చూచి మురిసి నాటినవారివలన దేశదేశముల వ్యాపించినది. మురుగునీటి బలమున్నచోట పక్షముదినములలోనే రెట్టింపు కాగలదు. 2018లో మా చెరువు తూర్పుమూల నంతయు క్రమ్మివేసినది. మత్స్యకారుల సంఘమువారు తెప్పలపై పోయి కోసి తెచ్చుచుండగా, మేము ఒడ్డున నిలిచి లాగి గుట్టలు వేసితిమి. ఆఱు ఆదివారములు పట్టినది. పట్టుచీర కట్టి పేరంటమునకు పోయిననాటి స్నేహమువేఱు, మోకాలిబంటి బురదలో ఒకే వేరును నలుగురు పట్టి లాగిననాటి స్నేహమువేఱు. నాటినుండి మత్స్యకారుల ఇల్లాండ్రకును మాకును రాకపోకలు కలిగినవి. చేప ముట్టని ఇండ్లవారు సైతము "ఈ యేడు బొచ్చెలు బాగుగా పెరిగినవా?" అని ఆదరముతో అడుగుట ఇక్కడ చూడవచ్చును.

పిల్లలకు భయము కలదు, ఉండవలెను కూడ. తూముదగ్గఱ లోతు. పండ్రెండేండ్లలోపు పిల్లవాడు పెద్దలు తోడులేక కట్టదాటి దిగరాదని కాలనీవారందఱము కట్టడి చేసికొంటిమి. ఎవరి పిల్లవానినైనను ఎవరైనను గద్దింపవచ్చును, తల్లి కోపపడరాదు. ఈ రెండవ నియమము మొదటిదానికంటె కష్టముగా అమలైనది.

మన దక్కనుదేశమున స్వభావముగా నేర్పడిన సరస్సులు మిక్కిలి అరుదు. ఇది రాతినేల, వాన నాలుగు నెలలే. పడిన నీటిని పల్లమున కట్టవేసి ఆపుకొననిదే మిగిలిన ఎనిమిది నెలలు గడవవు. కావున మనము చెరువు అనునదెల్ల ఎవరో మనుష్యులు తట్టలతో మన్ను మోసి కట్టినదే. తటాకమును సప్తసంతానములలో ఒకటిగా మన పెద్దలు లెక్కించిరి. ఆ పుణ్యము మగవారిదే కాదు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ పదుమూడవ శతాబ్దిన బయ్యారమున ధర్మకీర్తిసముద్రమను చెరువు త్రవ్వించి శాసనము వేయించినది. కాకతీయుల వంశక్రమము చరిత్రకారులకు తెలిసినది చాలవఱకు ఆ చెరువుగట్టు శాసనమువలననే. బయ్యారము చెరువు నేటికిని నిలిచియున్నది. హైదరాబాదు నడుమ మాసాబ్ ట్యాంకు అను చోటు మన సోదరీమణు లెందఱో బస్సులో దాటిపోవుచుందురు. మాసాహెబా యనగా గోలకొండ రాణి హయత్ బక్షీ బేగము. ఆమె పేరిటి చెరువది. ఇప్పుడక్కడ బస్సులు, ఆసుపత్రులు, పార్కు కలవు, చెరువు లేదు. రాణిపేరు మాత్రము బస్సు కండక్టరు నోట మిగిలినది.

ఒక చెరువు ఎన్నడును ఒంటరిది కాదు. పైచెరువు నిండి అలుగు పాఱిన నీరు కాలువవెంట క్రిందిచెరువునకు పోవును. అది నిండి దాని క్రిందిదానికి. గొలుసుకట్టు చెరువులని వీనికి పేరు. ఎక్కువైన మజ్జిగ పొరుగింటికి పంపినట్లే. ఆ త్రోవ మూసినచో ఏమగునో 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి మేము కన్నులార చూచితిమి.

ఆ దినము నగరశివారున కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లకు మించి వాన కురిసినది. నగరమున పల్లెచెరువు కట్ట తెగినది. నాలుగు దినములకు బాలాపూరు దగ్గఱ గుఱ్ఱం చెరువును తెగినది. మా చెరువుకట్ట తెగలేదు. కాని అలుగుకాలువను క్రిందివారొకరు మట్టిపోసి పూడ్చి, రేకుల షెడ్డు వేసికొని యుండిరి. పోవలసిన త్రోవ లేక నీరు మా దిగువవీధిలోనికి మరలినది. రాత్రి తొమ్మిది గంటలకు మడమలలోతు. పదునొకండు గంటలకు నడుములోతు. అది కరోనా కాలము. ఆఱు నెలలుగా ఒకరి గడప నొకరు త్రొక్కనివారము. కూరగాయలుసైతము ఉప్పునీట కడిగి లోనికి తెచ్చుకొనుచున్నవారము. అట్టిరాత్రి దిగువవీధినుండి నాలుగు కుటుంబములవారు, పదునలుగురు మనుష్యులు, మా మేడమీదికి వచ్చిరి. వారిలో డెబ్బదియెనిమిదేండ్ల ముసలమ్మ యొకతె. మూడునెలల పసికందు ఒకటి. తలుపు తీయుటకు మావారు ఒక్కక్షణము తడబడినమాట నిజము, మేమును తడబడితిమి. అప్పటికి మా అత్తగారు లేచి తలుపు తీసివేసిరి.

మూడు దినములు కరెంటు లేదు. గ్యాసుసిలిండరు ఒకటి, బియ్యము బస్తా ఒకటి, కందిపప్పు కొంచెము. మొదటినాడు ఉప్మా, రెండవనాడు పప్పుచారు, మూడవనాడు ఏముండిన అది. ఆవకాయ జాడీ మాత్రము మేడమీదనే యుండెను. మొదటియేటి బూజువలన నేర్చుకొన్న పాఠము. ముసలమ్మ ఆ మూడు దినములును పసికందును తన ఒడినుండి దింపలేదు. ఆ తల్లీబిడ్డలు ఆమెకు ఏమియు కారు, ప్రక్కయింట అద్దెకున్నవారు.

నీరు తీసిన మఱునాడే ఎంగిలిపూల బతుకమ్మ. ఆ సంవత్సరము ఎవ్వరును ఆడరనుకొంటిమి. గునుగు, తంగేడు కోసి తెచ్చుటకు కాలనీలో ఓపిక గలవారు లేరు. సాయంకాలము చూతుము గదా, దిగువవీధి ఆడువారే, గోడలపై బురదచార లింకను ఆరకముందే, ఒక తాంబాళమున గుమ్మడిపూలు, బంతిపూలు, దొరికినంత తంగేడు పేర్చి కట్టమీదికి తెచ్చిరి. ముఖములకు గుడ్డలు కట్టుకొని, ఎడమెడముగా నిలిచి, చప్పట్లు మాత్రము కలిపి ఆడితిమి. కోస్తాజిల్లాలనుండి వచ్చిన మా పొరుగు సోదరి యొకతె, "ఇండ్లలోనికి వచ్చిన నీళ్ళకే మరల పూలు సమర్పింతురా?" అని విస్తుపోయినది. ఎవ్వరును బదులు చెప్పలేదు. తొమ్మిదవనాడు సద్దుల బతుకమ్మకు ఆమెయే పులిహోర చేసి తెచ్చినది.

ఇక మా సొంత సంగతి చెప్పక తప్పదు.

వరద తీసిన పిమ్మట కాలనీ ఆడువారము ఇరువదిమందిమి సంతకములు చేసి, ఆ షెడ్డు తీయించి కాలువ తెఱపింపవలెననియు, చెరువునకు హద్దురాళ్ళు పాతవలెననియు అర్జీ పెట్టితిమి. అందఱికంటె బిగ్గఱగా మాటలాడినది మేమే. 2021 వేసవిలో సర్వేవారు వచ్చిరి. కాలువ తెఱచిరి. తరువాత గొలుసు పట్టుకొని కట్టవెంట కొలుచుచు మా పెరటికి వచ్చిరి. చెరువు నిండినప్పుడు నీరు నిలుచు గీతనుండి తొమ్మిది మీటర్ల వఱకు ఏ కట్టడమును ఉండరాదు. పది హెక్టార్లు, అనగా సుమారు 25 ఎకరములు, ఆపైని చెరువులకు ముప్పది మీటర్లు. మా యిల్లు హద్దునకు బయటనే యున్నది. కాని పెరటిగోడ నీటిగీతకు నాలుగు మీటర్ల దూరముననే తేలినది. అయిదు మీటర్లు మాది కాని నేలపై మల్లెపందిరి, కరివేపచెట్టు, పారిజాతము పెంచుకొనుచుంటిమి. స్థలము అమ్మినవారు చూపిన పటమున ఆ గీత లేనేలేదు.

అధికారులు గట్టిగా ఏమియు అనలేదు. రాయి పాతి పోయిరి. మా వరుసలో ఇంకను పది గోడలు అట్లేయున్నవి. "వారెవ్వరును తీయనిది మనమేల తీయవలెను? డబ్బిచ్చి కొన్నాము" అని మావారు. మేమును లోలోపల అదియే తలచితిమి. రెండు నెలలు ఆ మాట ఎత్తలేదు. కట్టమీదికి నడకకు పోవుట తగ్గించితిమి. షెడ్డు తీయబడినవారి ఇల్లాలు ఎదురుపడునేమోయని. ఒకనాడు ఎదురుపడనే పడినది. ఏమియు అనలేదు, మా పెరటివైపు ఒకమారు చూచి పోయినది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

కారణము మా అత్తగారి పారిజాతమని మేము చెప్పుకొనుచుంటిమి. ఆ చెట్టు ఆమె పుట్టినింటినుండి కొమ్మ తెచ్చి నాటినది. దానిని తెంపుట ఎట్లని. ఈ మాట ఆమె చెవిని పడినది. ఆమె నల్లగొండ జిల్లాలో చెరువు క్రింది వ్యవసాయపుటింట పుట్టినవారు. "నా చెట్టు పేరు చెప్పి గోడ ఆపుతున్నరా? చెట్టును తెంపుమని ఎవరన్నరు? గోడ తీయిండ్రి. అవతల ఉంటే అది పూయదా?" అనిరి. గోడ వెనుకకు జరిగినది. ఖర్చు మాకు రెండు నెలల జీతమంత. మిగిలిన పది గోడలలో నాలుగు ఆ సంవత్సరమే జరిగినవి. మూడు మఱి రెండేండ్లకు. తక్కినవి ఇంకను అట్లేయున్నవి. వారితోను మాకు మాటలున్నవి.

2024 జూలైలో చెరువుల హద్దులను కాపాడుటకు ప్రభుత్వము హైడ్రా యను సంస్థను ఏర్పరచినప్పుడు, నగరమున కూలిన ఇండ్ల చిత్రములు చూచి కన్నీరు పెట్టనివారు లేరు. చెరువులు కాపాడవలసినదే, అందు మాకు సందేహము లేదు. కాని బ్యాంకు ఋణము తీసి, రిజిస్ట్రేషను చేయించుకొని, నమ్మి కొన్న ఇల్లాలి వంటపాత్రలు వీధిలో చూచుట మాత్రము మాకు సాధ్యము కాలేదు. అమ్మినవాడు, అనుమతిచ్చినవాడు ఆ చిత్రములలో ఎక్కడను కనబడరు.

కావున స్థలము కొనదలచిన సోదరికి ఒక్క మాట. వేసవిలో పోయి స్థలము చూడరాదు. నీరు తీసిన శిఖము భూమి చైత్రవైశాఖములలో మంచి చదునైన మైదానమువలె కనబడును; అమ్మువారు చూపునదియు అప్పుడే. ఆశ్వయుజమున, పెద్దవాన వెలిసిన మఱునాడు పోయి చూడుడు. అలుగు ఎక్కడ పాఱునో, ఆ కాలువ ఎటు పోవునో మీ కాళ్ళతో నడచి చూడుడు. హెచ్.ఎం.డి.ఏ. వారు ప్రకటించిన చెరువుల పటములలో నీటిగీత ఎక్కడ నున్నదో చూడుడు; అమ్మువాని పటముతో సరిపోల్చుడు. పాతకాలపు రైతు ఎవడైనను ఆ యూర నుండినచో అతనిని అడుగుడు. అతనికి పటము అక్కఱలేదు. ఇంకొకటి: మురుగునీరు చెరువులో కలియుచున్నదా యని మీ ముక్కుతో తెలిసికొనుడు. అది కలియుచున్నచోట వేసవి రాత్రులు కిటికీ తెఱువనీయవు. మాకును ఎండలు ముదిరినప్పుడు పదునైదు దినములు ఆ బాధ తప్పలేదు. పైకాలనీవారి మురుగుగొట్టము త్రిప్పించుటకు ఇంకను తిరుగుచునే యున్నాము.

ఇంతయు చెప్పిన పిమ్మట సుఖమేమని ఆమె మరల అడుగవచ్చును. బోరుబావి వేసవిలోను ఎండలేదు. ప్రక్క కాలనీవారు ట్యాంకర్లకు కాచుకొని యుండగా మేము తులసికోటకు రెండుపూటల నీరు పోయుచున్నాము. అది యొక సుఖము. సాయంకాలము ఆఱు గంటలకు వంటింటి దీపమార్పి, కొంగు నడుమున దోపుకొని, ఏ పనియు లేక కట్టమీదికి పోవుటకు ఆడుదానికి ఒక చోటు కలదు, "ఎక్కడికి?" అని ఇంట ఎవ్వరును అడుగరు. మాకు తెలిసిన పట్టణపు వీధులలో అట్టి చోటు మాకు దొరకలేదు.

పారిజాతము ఇప్పుడు గోడకు ఆవల నున్నది. శరత్కాలమున తెల్లవాఱుజామున పూలన్నియు చెరువువైపు నేలమీద రాలును. మా అత్తగారు చిన్నబుట్ట పట్టుకొని, వీధిచివర నుండి చుట్టుతిరిగి పోయి ఏరుకొని వత్తురు. ఆమె పోవునప్పటికే దిగువవీధి ముసలమ్మ, ఇప్పుడు ఎనుబదిమూడేండ్లు, వచ్చి కూర్చుండి యుండును. పూలు చెఱిసగము. ఒక్కొక్కనాడు గంటకుగాని మరలిరారు, కాఫీ చల్లారిపోవును.

ఆ సోదరి మమ్ము చూడ రాదలచినచో కార్తికమున రావలెను, బాతులు వచ్చియుండును. ప్రొద్దున మంచు కురియును గనుక ఒక శాలువ తెచ్చుకొనుట మంచిది.